మాఫియా గ్రూపు మూలన పడకుండా నడపడం ఎలా: తిరుపతి, చిత్తూరు హోస్టులకు సమగ్ర మార్గదర్శి

"గ్రూపులో రెండొందల మంది ఉన్నారన్నా, శనివారం ఆటకి ఏడుగురు కూడా రాలేదు." తిరుపతి, చిత్తూరు వైపు మాఫియా, వేర్‌వుల్ఫ్, అమాంగ్ అస్ (మనలో దాక్కున్న దొంగల్ని మాటలతో, ఓట్లతో పట్టే ఆటలు) గ్రూపులు నడిపేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. వెంటనే ఇంకో యాభై మందిని చేర్చేద్దాం అనిపిస్తుంది. చేర్చినా పెద్దగా మారదు. ఈ గ్రూపులు మనుషులు చాలక ఆగవు. ఆట చెప్పిన టైముకి మొదలవదు, మొదలైంది సగంలో ఆగుతుంది, నడిపే ఒక్కడూ విసిగిపోతాడు. ఆ తర్వాత ఎవరూ పిలవరు, ఎవరూ రారు.

కాబట్టి ఇందులో సగానికి పైగా హోస్ట్ (ఆట నడిపే మనిషి) పని గురించే ఉంటుంది. ఆట తెలిసినవాళ్ళ కోసం రాస్తున్నది కాబట్టి మాఫియా అంటే ఏంటి, డాక్టర్ ఏం చేస్తాడు అన్నవి వివరంగా చెప్పబోవడం లేదు.

## 1. ఎక్కడ ఆడాలో ముందు తేల్చుకోండి

మన దగ్గర చాలా గ్రూపులు వాట్సాప్‌లో మొదలై అక్కడే ఇరుక్కుపోతాయి. అందరి ఫోన్లో ఉంటుంది, నేర్పే పని లేదు, అది నిజమే. కానీ గ్రూపులో ఉన్న ప్రతివాళ్ళకీ అందరి ఫోన్ నంబర్లూ కనబడతాయి. ఆట అయిపోయాక రాత్రి పదకొండుకి "హాయ్" అంటూ మెసేజులు మొదలైతే అమ్మాయిలు చెప్పకుండా గ్రూపు వదిలేస్తారు. ఎందుకు వెళ్ళారో అడ్మిన్‌కి తెలియను కూడా తెలియదు. ఒకరికొకరు తెలిసిన కాలేజీ స్నేహితుల గ్రూపైతే వాట్సాప్ సరిపోతుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళని చేర్చుకునేదైతే వద్దు.

టెలిగ్రామ్‌లో యూజర్‌నేమ్‌తో ఆడొచ్చు. నంబర్ ఎవరికీ కనబడకూడదని ఎవరికి వాళ్ళు ప్రైవసీ సెట్టింగులో మార్చుకోవాలి. చేరిన రోజే ఇది చెప్పండి. గొంతుతో ఆడే ఆటలకు డిస్కార్డ్ మేలు. ఒక్కో పనికి ఒక్కో ఛానల్ పెట్టి, ఏది ఎవరికి కనబడాలో అడ్మినే నిర్ణయించొచ్చు.

పనికొచ్చే పద్ధతి ఇది: ఒకరికొకరు తెలిసినవాళ్ళైతే పిలుపులు వాట్సాప్‌లో, అదీ అడ్మిన్లు మాత్రమే రాయగలిగే గ్రూపులో. ఆట డిస్కార్డ్‌లోనో టెలిగ్రామ్‌లోనో.

డిస్కార్డ్‌లో మొదలుపెట్టడానికి ఇవి చాలు:

- ప్రకటనలు: అడ్మిన్లు, హోస్ట్ మాత్రమే రాస్తారు
- పేర్లివ్వండి: ఆటకి చేరేవాళ్ళ జాబితా
- రచ్చబండ: ఆట జరిగేచోటు, బతికున్నవాళ్ళు మాత్రమే రాయగలరు
- మాఫియా గది: మాఫియాకి, హోస్ట్‌కి మాత్రమే కనబడుతుంది
- శ్మశానం: ఔటైనవాళ్ళకి, హోస్ట్‌కి
- కబుర్లు: సినిమా, క్రికెట్, బిర్యానీ ఏదైనా
- ఒక వాయిస్ ఛానల్

మొదటి రోజే ఇరవై ఛానళ్ళు తెరిస్తే అన్నీ ఖాళీగా కనబడతాయి. కొత్తగా వచ్చినవాడు నాలుగు తెరిచి చూసి వెళ్ళిపోతాడు.

ఛానళ్ళు పెట్టాక డిస్కార్డ్ రోల్ సెట్టింగుల్లో సర్వర్‌ని ఆ రోల్ ఉన్నవాడిలా చూసే వీలుంది. మామూలు ఆటగాడిలా ఒకసారి చూడండి. మాఫియా గది కనబడిందా, ఆట మొదలుపెట్టకండి.

## 2. రూల్స్: ఫోన్ తెర మీద ఒక్కసారికి పట్టేంత

నాలుగు పేజీల రూల్స్ ఎవరూ చదవరు. పది లైన్లు రాసి పిన్ చేయండి. మిగతావి హోస్ట్ చూసుకుంటాడు. ఆ పదిలో ఈ కిందివి తప్పకుండా ఉండాలి.

ఒట్లు వద్దు. మన ఊళ్ళలో ఆటలు చెడిపోవడానికి ఇది పెద్ద కారణం. ఓట్లు తన మీద పడుతుంటే ఒకరు "ఏడుకొండలవాడి మీద ఒట్టు, నేను ఊరే" అంటారు. తిరుపతిలో ఆ మాట అన్నాక అబద్ధమని ఎవరనగలరు? ఊరి జట్టు (మాఫియా కానివాళ్ళ) మనిషి ఒక్కసారి ఒట్టు వేస్తే, వేయనివాళ్ళంతా మాఫియా అయిపోతారు. మాటల్ని బట్టి దొంగను పట్టే ఆట అక్కడితో సరి. దేవుడి మీద, అమ్మ మీద, పిల్లల మీద ఒట్టు, పందెం, "నిజం కాకపోతే గ్రూపు వదిలేస్తా" లాంటి శపథం, అన్నీ ఒకటే. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఆ ఆటలోంచి ఔట్. "నిజంగా ఊరే అయినా ఒట్టు వేయకూడదు" అని విడిగా రాయండి. లేకపోతే నిజం చెప్పేవాడికి ఈ రూల్ వర్తించదు అనుకుంటారు.

హోస్ట్ పంపిన మెసేజ్ చూపించకూడదు. స్క్రీన్‌షాట్, కాపీ, "హోస్ట్ ఇలా రాశాడు" అని చెప్పడం, ఏదీ కుదరదు.

రచ్చబండలో ఒకే భాష. చిత్తూరు, నగరి, పుత్తూరు, కుప్పం వైపు సగంమందికి తమిళం కూడా వస్తుంది. తెలుగు ఆటలో ఇద్దరు తమిళంలో రెండు ముక్కలు అనుకుంటే మిగతావాళ్ళ ముందు రహస్యం చెప్పుకున్నట్టే. కబుర్ల ఛానల్లో ఏ భాషైనా సరే, ఆటలో మాత్రం తెలుగు, మామూలుగా కలిసిపోయే ఇంగ్లీషు మాటలు.

మెసేజ్ మార్చకూడదు, తీసేయకూడదు. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల లోపు మార్చొచ్చు. తీసేస్తే కనీసం తీసేసిన గుర్తు మిగులుతుంది. టెలిగ్రామ్, డిస్కార్డ్‌లలో తీసేసిన మెసేజ్ జాడ కూడా చాట్‌లో ఉండదు. తప్పు రాశారా, కింద ఇంకోటి రాసి సరిదిద్దుకోవాలి.

డబ్బు లేదు. ఎంట్రీ ఫీజు తీసుకుని గెలిచినవాళ్ళకి ఇద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల్ని, నైపుణ్యమైనా అదృష్టమైనా, 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, వంద రూపాయలు మధ్యలోకి వస్తే ఓడినవాడు హోస్ట్‌ని దొంగ అంటాడు.

## 3. రోజు, టైము

వారం వారం మారే టైము కంటే, కొందరికి కుదరకపోయినా మారని టైమే మేలు.

మన వైపు కుర్రాళ్ళు చాలామంది బెంగళూరు, చెన్నైలలో పని చేస్తారు. శుక్రవారం రాత్రి బస్సులో ఉంటారు, ఆదివారం రాత్రి తిరుగు బస్సులో. అందుకని గొంతుతో ఆడే ఆటకి శనివారం రాత్రి 9:30 పెట్టండి. రాసి ఆడే ఆటకి సోమవారం నుంచి గురువారం దాకా. శనివారం ఆట 9:30 కంటే ఆలస్యం చేస్తే రోజువారీ డేటా అయిపోయి మనుషులు మధ్యలో పడిపోతారు. అర్ధరాత్రి దాటితే గానీ కొత్త డేటా రాదు.

ఏడాదిలో కొన్ని రోజులకు ముందే గీత పెట్టుకోండి:

- ఐపీఎల్ నెలలు: రాత్రి 7:30 మ్యాచ్ పదకొండు దాటుతుంది. వాయిస్ ఆట మానేసి రాసి ఆడేది నడపండి
- ఫిబ్రవరి-మార్చిలో ఇంటర్ పరీక్షలు, తర్వాత ఎంట్రన్సులు
- మే నెల గంగమ్మ జాతర వారం, సెప్టెంబరు-అక్టోబరులో బ్రహ్మోత్సవాలు: తిరుపతి వాళ్ళింట్లో దర్శనానికొచ్చిన చుట్టాలే సరిపోతారు

ఆ రోజుల్లో ఆట లేదని ముందే ప్రకటించండి. ప్రకటించిన సెలవుకి ఎవరూ ఏమీ అనుకోరు. పిలిచి రద్దు చేస్తేనే నమ్మకం పోతుంది.

## 4. ఎంతమందికి ఎంతమంది మాఫియా

ఇక్కడ లెక్క తప్పితే ఎంత మంచి ఆటగాళ్ళున్నా ఆట ఏకపక్షం అవుతుంది. మాఫియా సంఖ్య, ఊరి సంఖ్య సమానమైతే మాఫియా గెలిచినట్టు అనుకుందాం. పగలు ఒకరిని ఓట్లతో ఔట్ చేస్తారు, రాత్రి ఒకరిని మాఫియా చంపుతుంది. అప్పుడు చూడాల్సింది ఒక్కటే: ఊరు ఎన్నిసార్లు పొరబడి అమాయకుణ్ణి ఔట్ చేసినా ఆట మిగులుతుంది?

పగలుతో మొదలైతే, డాక్టర్ (రాత్రి ఒకరిని కాపాడే రోల్) ఎవర్నీ కాపాడలేదనుకుంటే:

- 7 మంది, 2 మాఫియా: ఒక తప్పు చేయొచ్చు, రెండో తప్పుతో ఆట అయిపోయింది
- 8 మంది, 2 మాఫియా: ఇదీ అంతే, ఒక్క తప్పు
- 9 మంది, 2 మాఫియా: రెండు తప్పులు
- 11 మంది, 3 మాఫియా: రెండు తప్పులు
- 13 మంది, 3 మాఫియా: మూడు తప్పులు

ఎనిమిదో మనిషి వచ్చినా ఊరికి ఒరిగిందేమీ లేదు చూశారా. అందుకే పగలుతో మొదలయ్యే ఆటకి బేసి సంఖ్య పెట్టుకోవాలి.

చాలా గ్రూపులు పడే గుంట ఇంకోటుంది. ఏడుగురిని పెట్టుకుని ఆటని రాత్రితో మొదలుపెడతారు. తెల్లారేసరికి ఆరుగురు: ఇద్దరు మాఫియా, నలుగురు ఊరు. మొదటి పగలు ఎవరికీ ఏమీ తెలియదు, ఓటు గుడ్డిగా పడుతుంది. అమాయకుడు పోతే 2, 3. ఆ రాత్రి ఇంకొకరు పోతే 2, 2. ఒక్క తప్పుకే ఆట సమాప్తం, అదీ పావుగంటలో. "మా గ్రూపులో ఎప్పుడూ మాఫియానే గెలుస్తుంది" అనేవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి. మందు చిన్నదే. రాత్రితో మొదలుపెట్టాలంటే 8 లేదా 10 మందిని తీసుకోండి. లేదా మొదటి రాత్రి చంపడం లేకుండా, డిటెక్టివ్ ఒకరు మాఫియానో కాదో చూసుకోవడానికి మాత్రమే వదలండి.

పగలుతో మొదలయ్యే ఆటకి సిద్ధంగా పెట్టుకోవాల్సిన రెండు సెటప్‌లు:

- 7: మాఫియా 2, డిటెక్టివ్ 1, డాక్టర్ 1, మామూలు ఊరోళ్ళు 3
- 9: మాఫియా 2, డిటెక్టివ్ 1, డాక్టర్ 1, మామూలు ఊరోళ్ళు 5

తొమ్మిది మంది అనుకున్న ఆటకి ఎనిమిది మందే వస్తే ఆగకండి. ఒకర్ని సబ్‌గా (ఎవరైనా తప్పుకుంటే బదులు దిగే మనిషిగా) కూర్చోబెట్టి ఏడుగురి ఆట నడపండి. పదమూడు మంది నిండాలని వారం ఆగితే, మొదట పేరిచ్చినవాళ్ళే ముందు జారిపోతారు.

కొత్త రోల్స్ కనిపెట్టాలనే దురద ప్రతి హోస్ట్‌కీ ఉంటుంది. ఆటకి ఒకటి, అంతకు మించి వద్దు. రంగు మార్చాలంటే పేర్లు మార్చండి చాలు: మాఫియా బదులు శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగలు, డిటెక్టివ్ బదులు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, డాక్టర్ బదులు ఊరి ఆర్‌ఎంపీ. ఆట అదే, ఊపు వేరు. దేవుళ్ళ పేర్లు, జాతర వేషాల పేర్లు మాత్రం దొంగల జట్టుకి పెట్టకండి. నొచ్చుకునేవాళ్ళు ఉంటారు, నొచ్చుకోవడంలో తప్పూ లేదు.

## 5. ఆట ముందు రోజు నుంచి మొదటి మెసేజ్ దాకా

(అ) పేర్లు. మూడు రోజుల ముందు పిలుపు. ఆడేవాళ్ళతో పాటు ఇద్దరు సబ్‌లు. ముందు రోజు సాయంత్రం ప్రతివాళ్ళ చేతా మళ్ళీ "వస్తున్నా" అనిపించుకోండి. జవాబు లేనివాళ్ళ స్థానం సబ్‌కి. మొహమాటపడకండి.

(ఆ) రోల్స్ పంచడం. మనసులో అనుకుని పంచితే తెలియకుండానే పాతవాళ్ళకి మంచి రోల్స్ వెళ్తాయి. గూగుల్ షీట్‌లో ఒక వరసలో పేర్లు, పక్కన ర్యాండ్ ఫార్ములా (=RAND(), ఏదో ఒక అంకె ఇస్తుంది) పెట్టి, ఆ అంకెల క్రమంలో సర్దండి. పైనుంచి రోల్స్ అంటించండి. షీట్ లేకపోతే చీటీలైనా తీయండి.

(ఇ) రోల్ మెసేజ్. అందరికీ ఒకే టైములో, దాదాపు ఒకే పొడవున్న మెసేజ్ వెళ్ళాలి. మామూలు ఊరోడికి ఒక్క లైను, డిటెక్టివ్‌కి పది లైన్లు పంపితే, పక్కపక్కన కూర్చున్న హాస్టల్ కుర్రాళ్ళు తెర చూడకుండానే కనిపెట్టేస్తారు. అందరి దగ్గరా "అందింది" అని రాయించుకోండి. అది వచ్చేదాకా ఆట మొదలు కాదు.

(ఈ) రాత్రి పనుల వరస. ముందే రాసి ఉంచుకోండి: మొదట అడ్డుకునేవాడు (ఒకరి రాత్రి పనిని ఆపే రోల్, ఉంటే), తర్వాత డాక్టర్, తర్వాత మాఫియా, చివర డిటెక్టివ్. చచ్చిన రాత్రి డిటెక్టివ్‌కి ఫలితం చెప్తారా లేదా? డాక్టర్ తనని తాను కాపాడుకోవచ్చా? వరసగా రెండు రాత్రులు ఒకరినే కాపాడొచ్చా? మాఫియా పేరు పంపకపోతే? ఈ నాలుగింటికీ జవాబులు ఆటకి ముందే ప్రకటించాలి. మధ్యలో నిర్ణయిస్తే ఎవరికి అనుకూలంగా చెప్పినా రెండోవాళ్ళు ఒప్పుకోరు.

(ఉ) ఆన్‌లైన్ గుర్తు. రాత్రి వేళ ఎవరి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోందో చూసి మాఫియాని పట్టేవాళ్ళుంటారు. ఆడేవాళ్ళంతా డిస్కార్డ్‌లో కనబడని స్టేటస్ పెట్టుకోవాలి. వాట్సాప్‌లోనూ చివరిసారి చూసిన టైము, ఆన్‌లైన్ రెండూ దాచుకోవచ్చు.

## 6. ఆట నడుస్తున్నప్పుడు

రాసి ఆడే ఆటకి పగలు ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, రాత్రి పనులకు 9 నుంచి 10:30 దాకా పెడితే ఉద్యోగాలు చేసేవాళ్ళకీ కుదురుతుంది. వాయిస్ ఆటకి పగలు ఐదు నిమిషాలు, ఓటుకి ఒక నిమిషం.

ప్రతి పగలూ మొదట్లో హోస్ట్ పెట్టే మెసేజ్ ఇలా ఉండాలి:

> పగలు 2 మొదలు. రాత్రి పోయింది: సుబ్బు, మామూలు ఊరోడు. బతికున్నవాళ్ళు 7. ఔట్ చేయడానికి 4 ఓట్లు. గడువు ఈ రాత్రి 9:00. తెర మీద 8:59 అని చూపించే ఓటు చెల్లుతుంది, 9:00 అని చూపిస్తే చెల్లదు. ఓట్లు సమానమైతే ఎవరూ ఔట్ కారు.

చివరి రెండు వాక్యాలు రోజూ రాయడం చాదస్తంలా కనబడుతుంది. గడువు ముందర పది సెకన్లలో ఓటు మారినప్పుడు మిమ్మల్ని కాపాడేది అవే. వాట్సాప్‌లో సెకన్లు కనబడవు, అందుకే నిమిషంతోనే గీత గీయాలి.

ఓటుకి పోల్ వాడకండి. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఎవరికి వేశారో కనబడుతుంది గానీ, ముందు ఎవరికి వేసి తర్వాత మార్చారో కనబడదు. ఈ ఆటలో దొంగ దొరికేదే ఆ మార్పులో. విడి లైనులో "ఓటు: పేరు" అని రాయించండి. మార్చాలంటే "ఓటు వెనక్కి" అని రాసి కొత్తది. మధ్యాహ్నం ఒకసారి, గడువుకి గంట ముందు ఒకసారి ఓట్ల పట్టిక హోస్ట్ పెట్టాలి.

హోస్ట్ మాట పొడిగా ఉండాలి. "అబ్బా, భలే పట్టారే" అని నవ్వు బొమ్మ పెట్టినా ఆట తేలిపోతుంది. సందేహం అడిగినవాడికి ఒక్కడికే జవాబు చెప్పకండి. ప్రశ్న ఎవరిదో చెప్పకుండా రచ్చబండలో అందరికీ చెప్పండి. ఆ ప్రశ్నతోనే అడిగినవాడి రోల్ బయటపడేలా ఉంటే మాత్రం "పిన్ చేసిన రూల్స్ చూడు" అనడమే దారి.

ఔటైనవాళ్ళు వెంటనే శ్మశానంలోకి. వెళ్ళేముందు ఒక్క మెసేజ్ రాయొచ్చు, అందులో ఆట గురించి ఏమీ ఉండకూడదు. మాఫియా ఎవరో శ్మశానంలో చెప్పేస్తే చచ్చినవాళ్ళకి కాలక్షేపమే, కానీ అక్కడ చదివినవాణ్ణి ఆ ఆటలోకి సబ్‌గా తీసుకోకూడదు.

అమాంగ్ అస్ నడిపేవాళ్ళకి రెండు మాటలు. గది తెరిచే ముందు అందరూ ఆసియా సర్వర్‌లో ఉన్నారో లేదో చూడండి. కోడ్ సరిగ్గా కొట్టినా గది దొరకలేదంటే అదీ ఒకసారి చూసుకోండి. పదిమందికి ఇద్దరు ఇంపోస్టర్లు (దొంగలు), కిల్ కూల్‌డౌన్ (ఒకరిని చంపాక ఇంకొకరిని చంపేదాకా ఆగాల్సిన టైము) 25-30 సెకన్లు, ఓటుకి 120 సెకన్లు. ఔటైనవాడు ఇంపోస్టరా కాదా చూపించే సెట్టింగ్, మిగతావాళ్ళ కంటికి కనబడే టాస్కులు (ఆటలో చేసే చిన్న పనులు) రెండూ ఆపేయండి. లేకపోతే ఒకడు స్కాన్ టాస్కు మీద నిలబడి చూపించి, మాట్లాడే పని లేకుండా తప్పించుకుంటాడు. టాస్కులప్పుడు అందరి మైకులూ మ్యూట్, మీటింగ్‌లో బతికున్నవాళ్ళవి మాత్రమే తెరవాలి.

## 7. మధ్యలో మాయమయ్యేవాళ్ళు

ఒక్క మనిషి మాయమైతే తొమ్మిది మంది ఆట ఆగుతుంది. దానికి గడియారం పెట్టండి, దయ కాదు.

- పగటి వేళ ఆరు గంటలు మాట లేకపోతే: హోస్ట్ నుంచి విడిగా గుర్తు చేసే మెసేజ్
- ఇంకో మూడు గంటలకీ జవాబు లేకపోతే: సబ్ దిగుతాడు
- సబ్ లేకపోతేనే: ఆ మనిషి ఔట్, రోల్ చూపిస్తారు

సబ్‌కి రోల్ మెసేజ్ హోస్టే కొత్తగా రాసి పంపాలి. మానేసినవాడి చేత ఫార్వర్డ్ చేయించకండి. మాఫియా మనిషి స్థానంలో వచ్చిన సబ్‌కి మాఫియా గది మొత్తం చదువుకోవడానికి టైమివ్వండి. అవసరమైతే గడువు రెండు గంటలు పెంచండి.

చెప్పి తప్పుకున్నవాళ్ళకి ఏ శిక్షా వద్దు. కరెంటు పోయింది, ఊరికెళ్ళాల్సి వచ్చింది, నైట్ షిఫ్ట్ పడింది, ఇవన్నీ ఉంటాయి. చెప్పకుండా రెండుసార్లు మాయమైనవాళ్ళు తర్వాతి రెండు ఆటలకు సబ్‌లుగా మాత్రమే.

## 8. గొడవ ముదరకముందే

ఈ ఆటలో అబద్ధం ఆడటమే పని. కాబట్టి హద్దు ఎక్కడో ఉదాహరణతో చూపించాలి. "అక్కా, నిన్న ఒకటి చెప్పి ఈరోజు ఇంకోటి చెప్తున్నావు, నువ్వు మాఫియానే" ఆట. "నీ బతుకే అబద్ధం" ఆట కాదు. కులం, ఊరు, చదువు, రూపం, యాస, ఇంగ్లీషు రాకపోవడం, ఇవేవీ వాదనలోకి రాకూడదు. చిత్తూరు యాసని వెక్కిరించినా, కోస్తా యాసని వెక్కిరించినా ఒకటే హెచ్చరిక.

తీర్పు చెప్పేది ఆ ఆట ఆడని ఇద్దరు అడ్మిన్లు. ఆడుతున్న అడ్మిన్ అందులో నోరు మెదపకూడదు, ఎంత సీనియరైనా సరే. శిక్షల మెట్లు: హెచ్చరిక, ఒక ఆట దూరం, ఒక నెల దూరం, శాశ్వతంగా బయటికి. ఆడపిల్లలకి విడిగా మెసేజులు పెట్టి వేధించినవాడికి మెట్లు లేవు, నేరుగా బయటికే. ఫిర్యాదు చేయడానికి కనీసం ఒక మహిళా అడ్మిన్ ఉండాలి. లేకపోతే ఫిర్యాదులు మీదాకా రావు.

ఆట మధ్యలో వేడి పెరిగితే డిస్కార్డ్‌లో ఆ ఒక్కడికి పది నిమిషాల టైమవుట్ ఇవ్వొచ్చు. గొడవపడుతున్నది నలుగురైదుగురైతే స్లోమోడ్ (ఒకరు మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఆగాల్సిన టైము) 10 సెకన్లు పెట్టండి.

రోల్ లీకైతే, అంటే ఎవరో స్క్రీన్‌షాట్ పెట్టేశారనుకోండి, ముందు ఎంతమంది చూశారో చూడండి. ఒకరిద్దరైతే వాళ్ళ స్థానంలో సబ్‌లు. అందరూ చూసేస్తే ఆట రద్దు, రోల్స్ మళ్ళీ పంచి అప్పటికప్పుడు కొత్త ఆట. లీక్ చేసినవాణ్ణి ఔట్ చేసి ఆట కొనసాగించడం న్యాయంగా కనబడుతుంది గానీ, దెబ్బ అతని జట్టులో ఏ పాపం ఎరగనివాళ్ళకి తగులుతుంది.

ఒకే గదిలో, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ సంగతి: రాసి ఆడే ఆటలో అలాంటి జంట ఒక్కటే ఉండాలి, ముందే చెప్పాలి. వాయిస్ ఆటలో వేరే గదుల్లో, ఇయర్‌ఫోన్లతో.

ఆట ముగిసిన వెంటనే అరగంట లోపు రోల్స్, రాత్రి పనుల పట్టిక, మాఫియా గది సంభాషణ అన్నీ తెరవండి. తర్వాతి ఆటకి మనుషుల్ని లాగేది ఇదే. కబుర్ల ఛానల్ ఆ రాత్రి కళకళలాడుతుంది, పిలుపు మెసేజ్ పెట్టాల్సిందీ అప్పుడే.

## 9. కొత్తవాళ్ళు రెండోసారి రావాలంటే

మొదటి పగలే కొత్తవాణ్ణి ఔట్ చేయడం పాతవాళ్ళకి అలవాటు. మాట్లాడకపోతే "సైలెంట్‌గా ఉన్నాడు, సస్ (అనుమానంగా ఉంది)" అంటారు, మాట్లాడితే "కొత్తోడికి ఇంత తెలుసా" అంటారు. పదిహేను నిమిషాల్లో బయటికెళ్ళినవాడు మళ్ళీ రాడు. నాలుగు ఆటలకు ఒకటి కొత్తవాళ్ళకే ఉంచండి: ఏడుగురు, పైన చెప్పిన సాదా సెటప్, పాతవాళ్ళు ఇద్దరికి మించకుండా. ఆ ఆట ఆడని ఒక పాత మనిషిని ఒక్కో కొత్తవాడికి తోడు పెట్టండి. రూల్స్ చెప్పొచ్చు, ఎవరికి ఓటేయాలో చెప్పకూడదు.

## 10. హోస్టుల్ని తయారు చేసుకోండి

ఒక్క హోస్ట్ ఉన్న గ్రూపుకి ఆయుష్షు ఆ హోస్ట్ ఓపికంత. కనీసం ముగ్గురు కావాలి. రెండు వారాలకు ఒక ఆట కంటే ఎక్కువ ఎవరి మీదా పెట్టకండి. హోస్ట్‌కి ఆడాలనీ ఉంటుంది కదా, నాలుగు వారాలుగా ఆడనివాడు ఐదో వారం తప్పుకుంటాడు.

కొత్త హోస్ట్ దారి ఇలా: ఒక ఆటకి సహాయ హోస్ట్‌గా ఓట్లు లెక్కపెట్టడం, తర్వాత ఏడుగురి ఆట సొంతంగా, పక్కన పాత హోస్ట్ కనిపెట్టుకుని ఉండగా. ఆ తర్వాతే తొమ్మిది. సెటప్ ఎవరిదైనా ఆడని ఇంకొకరు ముందు చూడాలి. ప్రతి ఆటకీ సహాయ హోస్ట్ దగ్గర రోల్స్ షీట్ ఉండాలి. హోస్ట్ ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆట ఆగకూడదు.

హోస్ట్ షీట్‌లో ఆట ఆటకీ రాయాల్సినవి:

- తేదీ, సెటప్, ఎవరు గెలిచారు
- పేర్లు నిండడానికి ఎన్ని రోజులు పట్టింది
- ఎంతమంది మాయమయ్యారు
- కొత్తవాళ్ళెందరు, వాళ్ళలో మళ్ళీ వచ్చినవాళ్ళెందరు

గెలుపు ఓటముల లెక్క చూసి నాలుగు ఆటలకే సెటప్ మార్చేయకండి, అంత కొద్దిలో ఏదీ తేలదు. పేర్లు నిండే రోజులు పెరుగుతున్నాయంటే మాత్రం వెంటనే ఆట సైజు తగ్గించండి.

## 11. తరచూ తగిలే చిక్కులు

మాటలన్నీ ఇద్దరివే. పగలుకి మనిషికి 25 మెసేజులు అని హద్దు పెట్టండి. తక్కువ మాట్లాడేవాళ్ళకి చోటు దొరుకుతుంది, ఎక్కువ మాట్లాడేవాళ్ళు ఆలోచించి రాస్తారు.

మాట్లాడేవాళ్ళే లేరు. మొదటి పగలు ప్రతివాళ్ళూ సాయంత్రం ఆరు లోపు ఒక్కరి మీదైనా ఓటు వేయాలని రూల్ పెట్టండి. ఎందుకు వేశావని అడిగేవాళ్ళు పుడతారు, మాట మొదలవుతుంది.

పాత కక్షలు. పోయిన ఆటలో తనని చంపాడని ఈ ఆటలో మొదటి ఓటు అతనికే. ఆట అయ్యాక మొదటి పది నిమిషాలు హోస్ట్ మాత్రమే మాట్లాడేలా ఛానల్ మూసి, పట్టిక పెట్టి, తర్వాత తెరవండి. అప్పటికీ మారకపోతే ఆ ఇద్దరినీ రెండు ఆటలపాటు వేరుచేయండి.

గ్రూపు పెట్టినవాడు వెళ్ళిపోయాడు. ఉద్యోగం వచ్చి నంబర్ మార్చాడు, డిస్కార్డ్ సర్వర్ ఓనర్ అతనే, అకౌంట్ తెరవడం లేదు. ఇది జరిగాక సరిచేయడం చాలా కష్టం. వాట్సాప్‌లో ఇప్పుడే ఇంకో ఇద్దరిని అడ్మిన్లు చేయండి. డిస్కార్డ్‌లో ఓనర్ ఒక్కరే ఉంటారు కాబట్టి, తప్పుకునే ముందు సర్వర్ సెట్టింగుల్లోంచి ఓనర్‌షిప్ మార్చి వెళ్ళాలి. హోస్ట్ షీట్ ఒక్కడి గూగుల్ డ్రైవ్‌లో ఉంటే, ఈరోజే దాన్ని మిగతా ఇద్దరు హోస్టులతోనూ షేర్ చేసి, ఒక కాపీ వాళ్ళ డ్రైవ్‌లో కూడా పెట్టించండి.